ఉత్తరాలు రాసినాయన పేరు

మాంగో, జంషెడ్‌పూర్
12 జూన్ 1961

మై డియర్ బాలకుమారీ,

సుఖంగా చేరాను. పెళ్లికని ఇచ్చిన సెలవు ఇట్టే అయిపోయింది. మిల్లులో క్రేను ఎక్కి కూర్చుంటే కింద కదిలే ఇనుము మీద ఉండాల్సిన కళ్ళు టెక్కలి వైపు పోతున్నాయి. మా మేస్త్రీ కిందనుంచి కేకేశాడు: "ఏటోయ్ పౌల్‌రాజూ, పెళ్లయిన కాడ్నించి దిక్కులు సూత్తన్నావు! సామాను ఎవుడి నెత్తిన దింపుతావు?"

మాంగోలో మేము ముగ్గురం మేడ మీద ఒకే గదిలో ఉంటున్నామని నీకు తెలుసు. అందులోకి నిన్ను తీసుకురాలేను. కంపెనీ క్వార్టరుకు పేరు ఇచ్చాను. అది చేతికి వచ్చిన మర్నాడే బయలుదేరి వచ్చి తీసుకువెళతాను.

ఈలోగా నువ్వొక పని చెయ్యాలి. ఇక్కడ బజారులో హిందీ, కార్ఖానాలో సగం ఇంగ్లీషు. హిందీ వీధిలో తిరిగితే అదే వస్తుంది. ఇంగ్లీషు అలా రాదు. అందుకని రోజూ వాడే మాటలు కొన్ని రాస్తున్నాను. ఎవరినైనా ఏదైనా అడిగేముందు 'ప్లీజ్' అనాలి. వాళ్ళు ఇచ్చాక 'థాంక్యూ' అనాలి. మనవల్ల ఎవరికైనా ఇబ్బంది కలిగితే 'సారీ' అనాలి. ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. 'మై హస్బెండ్స్ నేమ్ ఈజ్ పౌల్‌రాజు.' నా భర్త పేరు పౌల్‌రాజు అని అర్థం. దీన్ని రోజూ పైకి అనాలి.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, నా గదిలో ఉండే ఏసుదానం పోయిన ఏడాది వేరే గది అద్దెకు తీసుకుని భార్యను తీసుకువచ్చాడు. ఆసుపత్రి కార్డు రాసేచోట "హస్బెండ్ నేమ్?" అని అడిగితే ఆవిడ ముఖాన చెంగు కప్పుకుని గోడవైపు తిరిగింది. వరసలో నిలబడ్డవాళ్ళంతా నవ్వారు. ఆవిడ నెల తిరక్కుండా ఊరికి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. నీకు అలా జరగకూడదు.

నీ
పౌల్‌రాజు


టెక్కలి
3 జూలై 1961

శ్రీవారికి ప్రభువు పేరట వందనాలు.

మీ ఉత్తరం అందింది. మీ అమ్మగారు జీడిపిక్కలు కొడుతూ "సదవే, ఇంటాను" అన్నారు. చుట్టూ నలుగురు ఆడవాళ్ళు. 'మై డియర్' దగ్గరే చిక్కుపడ్డాను. "డియరంటే ఏటే?" అన్నారు అత్త. ఆ మాట అర్థం బడిలో పంతులమ్మగారు చెప్పగా విన్నాను గాని, నలుగురిలో అది నా నోట ఎలా వస్తుంది? ఆరోగ్యమేనా అని అడిగారని చెప్పాను. ఇప్పుడు అత్త పొద్దున్నే కోడిపుంజును కూడా "ఏటి డియరూ" అని పలకరిస్తున్నారు. పాపం మీది.

థాంక్యూ సంగతి అంతకన్నా అన్యాయం. అత్త నాకు గంజి పోసి ఇస్తే, మీరు చెప్పారు కదా అని థాంక్యూ అన్నాను. అర్థం చెప్పమన్నారు, చెప్పాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. "నానేటి పరాయిదాన్నేటే? గంజి పోత్తే దండాలెట్టీడమేటి?" అని ఆ పూట నాతో మాట్లాడలేదు. మీ ఊళ్ళో అన్నం పెట్టిన అత్తకు కూడా థాంక్యూ చెబుతారా?

ప్లీజ్ మాత్రం మనకూ ఉందండీ. "కాస్త ఆ చెంబు అందుకోండి" అంటాం చూడండి, ఆ 'కాస్త' అదే. చెంబును కాస్త అందుకోవడమేమిటి, మొత్తం అందుకోవాల్సిందే కదా! మర్యాదకి అంటాం. ఇక సారీ. మనకి ఎవరి కాలైనా తగిలితే వంగి వాళ్ళను తాకి కళ్ళకద్దుకుంటాం. మీవాళ్ళు నడుం వంచకుండా నోటితో సరిపెట్టేస్తారన్నమాట. సుఖంగానే ఉంది.

ఆఖరి వాక్యం నేర్చుకున్నాను. "మై హస్బెండ్స్ నేమ్ ఈజ్" వరకు గడగడా వస్తుంది. ఆ తరవాతది ఎలా అంటాను? మొగుడి పేరు ఏ భాషలో పలికినా మొగుడి పేరే కదండీ.

క్వార్టరు ఎప్పుడు వస్తుందో రాయండి.

మీ
బాలకుమారి


మాంగో
24 జూలై 1961

మై డియర్ బాలకుమారీ,

ఇకమీదట ముందు నువ్వు చదువుకున్నాకే అమ్మకు వినిపించు. పుంజు సంగతి ఏసుదానానికి చెబితే పడీ పడీ నవ్వాడు.

నువ్వు రాసినవన్నీ బాగున్నాయి గాని నవ్వులాటగా తీసుకోకు. ఇక్కడ మనుషులు మాటను బట్టి మనిషిని అంచనా కడతారు. 'డ్యూటీ' అనే మాట చూడు. పుస్తకంలో అర్థం ధర్మం, విధి అని. ఇక్కడ దాని వాడుక వేరు. "డ్యూటీకి పోయాడు" అంటే కార్ఖానాకు పోయాడని. "డ్యూటీ దిగాడు" అంటే ఇంటికొస్తున్నాడని. 'ఆఫ్' అంటే ఆ రోజు పనికి వెళ్ళక్కర్లేదు. నువ్వు ఇంట్లో ఉండగా ఎవరైనా వచ్చి నాకోసం అడిగితే, "డ్యూటీ" అని ఒక్క మాట అంటే చాలు, బీహారీ అయినా బెంగాలీ అయినా వెనక్కి వెళ్ళిపోతాడు.

నా పేరు అనడం అలవాటు చేసుకోవాలి. ఇది నా మాట కాదు, ఈ ఊరి పద్ధతి. అన్నావో లేదో వచ్చే ఉత్తరంలో రాయి.

క్వార్టరు ఇంకా ఇవ్వలేదు.

నీ
పౌల్‌రాజు


టెక్కలి
20 ఆగస్టు 1961

శ్రీవారికి వందనాలు.

మీ మాట తీసెయ్యకూడదని నిన్న సాయంత్రం జీడితోటలోకి ఒంటరిగా వెళ్ళాను. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, "మై హస్బెండ్స్ నేమ్ ఈజ్" అన్నాను. మొదటి అక్షరం పెదవుల దాకా వచ్చి అక్కడే కూర్చుండిపోయింది. ఇంతలో ఓ మేక దగ్గింది. పరుగున ఇంటికొచ్చేశాను.

మీ పేరు నేనసలు అనలేదనుకోకండి. పెళ్లిలో పాస్టరుగారు ప్రమాణం చెప్పించినప్పుడు దేవుడి ఎదుట అన్నాను. మీక్కూడా వినపడి ఉండదు, తల వంచుకుని మెడలో దండకి చెప్పినట్టు చెప్పాను. దేవుడు విన్నాడు, అది చాలదా?

పొరుగింటి సన్యాసమ్మ వదిన మొగుడు దేముడన్నయ్య ఖరగ్‌పూర్ రైల్వేలో పని చేస్తాడు కదా. ఆమధ్య ఫిబ్రవరిలో జనాభా లెక్కలాయన వచ్చి మొగుడి పేరు అడిగితే వదిన మాట్లాడకుండా పైకి చూపించిందట, దేముడు అని తెలియాలని. ఆయన "అయ్యో పాపం" అని విధవరాలని రాసేసుకున్నాడు. ఆ వారమే దేముడన్నయ్య సెలవులో వచ్చి, "నానింకా సావనేదు బాబూ, ఇదిగో ఉన్నాను" అని ఆయన వెనకాల ఊరంతా తిరిగాడట. ఇది విని మీరు నవ్వుతారు. కాని వదిన చేసినది నాకు తప్పనిపించలేదు. నన్నెవరైనా మీ పేరు అడిగితే నేనూ ఓ జవాబు అనుకున్నాను. "సంఘాలకి ఉత్తరాలు రాసినాయన" అంటాను. బైబిలు తెలిసినవాడికి పౌలని తెలియదా? పైగా మీరూ ఉత్తరాలే కదా రాస్తున్నారు.

నాకు మీరు లేకుండా తోచడం లేదండీ. ఇంగ్లీషులో దీన్ని ఏమంటారో మీరు రాయలేదు. తెలుగులో రాస్తున్నాను. క్వార్టరు ఒక గది అయినా పరవాలేదు, గోడలు తడిగా ఉన్నా పరవాలేదు.

మీ
బాలకుమారి


మాంగో
8 అక్టోబరు 1961

మై డియర్ బాలకుమారీ,

జవాబు ఆలస్యమైంది. పని ఎక్కువగా ఉంది. చెయ్యి ఖాళీ లేదు.

ఈసారి రెండు మాటలే రాస్తున్నాను. ఎవరైనా ఇంటికి వస్తే 'కమిన్' అనాలి, 'సిట్ డౌన్' అనాలి. కుర్చీ చూపిస్తూ అంటే మర్యాద. వంటింట్లోంచి కేకేస్తూ అనకూడదు.

వానలు తగ్గాయి. మా గుమ్మం ముందు బొప్పాయి చెట్టు విరగకాసింది. ఒక్కణ్ణీ తినలేక పక్కింటి ఆనందకుమారిగారికి ఇచ్చాను. ఆవిడ ఆసుపత్రిలో నర్సు, రాజమండ్రి వైపు మనిషి, మన అమ్మ ఈడు ఉంటుంది.

క్వార్టరు సంగతి ప్రతి ఉత్తరంలోనూ అడగకు. వచ్చినప్పుడు నేనే రాస్తాను. వాక్యం పూర్తిగా వచ్చిందా లేదా?

నీ
పౌల్‌రాజు


టెక్కలి
12 నవంబరు 1961

అయ్యా,

దేముడన్నయ్య నిన్న ఖరగ్‌పూర్ నుంచి వచ్చాడు. దసరాలకి మీ టాటానగర్‌లో తమ్ముడింటికి వెళ్ళి, దారిలో మీరు కనబడితే మీతో మీ ఇంటికి వచ్చాడట. మా గుమ్మంలో నిలబడి సంతోషంగా చెప్పాడు: "ఏటే బాలకుమారీ, ఇంకా ఇక్కడే ఉన్నావేటి? మీ ఆయన కోటరు సూసొచ్చినాను. సీతారాండేరాల. రెండు గదులు, కుళాయి, గుమ్మంల బొప్పాయి సెట్టు. శ్రావణంలోనే ఇచ్చీసినారంట కదా!"

అత్త చేతిలో జీడిపిక్క కొట్టే రాయి అలాగే ఉండిపోయింది. నేనేమన్నానో తెలుసా? "అవునన్నయ్యా, సున్నాలు వేయిస్తున్నారు" అన్నాను. మీ పరువు నేను కాపాడాను. నా పరువు ఎవరు కాపాడారు?

మేడ మీది గదికి గుమ్మంలో బొప్పాయి ఎక్కడిది అని మీ ఉత్తరం చదివిన రోజే అనుకోవాల్సింది. ముగ్గురున్న గదిలో ఒక్కణ్ణీ తినలేకపోవడం ఏమిటని అనుకోవాల్సింది. అనుకోలేదు. మీ మాట మీద నాకంత నమ్మకం. శ్రావణం నుంచి ఇప్పటిదాకా ఆ రెండు గదులకీ తాళం వేసి, ఉత్తరం పైన మాంగో అని రాస్తూ, నన్ను పాఠం అప్పజెప్పమన్నారు. పాఠం వస్తేనే కాపురమా? దేవుడి ఎదుట ప్రమాణం చేసిన రోజున ఈ పరీక్ష ఉందని పాస్టరుగారు చెప్పలేదే!

నన్ను చూసి నలుగురూ నవ్వుతారనా, లేక నావల్ల మిమ్మల్ని చూసి నవ్వుతారనా? ఒక్కటి మాత్రం రాయండి. రాసినా అది చదవడానికి నేనిక్కడ ఉంటానో లేదో చెప్పలేను.

బాలకుమారి


సీతారాండేరా, జంషెడ్‌పూర్
18 నవంబరు 1961

బాలకుమారీ,

ఈసారి పైన ఊరు నిజం రాశాను.

నువ్వడిగినదానికి జవాబు రాయడానికి రెండు ఇన్లాండులు పాడుచేశాను. నీకోసమే ఆపానని రాద్దామనుకున్నాను. అది సగమే నిజం. ఆ రోజు ఆసుపత్రిలో ఏసుదానం భార్య గోడవైపు తిరిగి నిలబడినప్పుడు నేను పక్కనే ఉన్నాను. వరసలో వాళ్ళు నవ్వారని రాశాను కదా. ఏసుదానం కూడా నవ్వాడు. భార్యను చూసి, వాళ్ళకి భయపడి నవ్వాడు, వాళ్ళలో ఒకడిగా కనపడాలని. ఆవిడ వాళ్ళ నవ్వుకి వెళ్ళిపోలేదు, వాడి నవ్వుకి వెళ్ళిపోయింది.

నువ్వు అలా నిలబడితే నేనేం చేస్తాను? నవ్వనని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేకపోయాను. అందుకని నువ్వు అలా నిలబడే అవసరమే రాకుండా చేద్దామనుకున్నాను. తప్పు నాలో పెట్టుకుని పాఠం నీకు చెప్పాను.

ఇంకోటి. నాకూ ఇంగ్లీషు రాదు. మొదట ఆసుపత్రిలోనూ తరవాత పక్కింట్లోనూ ఆనందకుమారిగారిని అడిగి రాసుకొచ్చి, నాకు వచ్చినట్టు నీకు రాసేవాణ్ణి.

సారీ. నడుం వంచకుండా అంటున్నానని నువ్వంటావు. నువ్వు ఎదురుగా ఉంటే వంచుతాను. క్రిస్మస్‌కి సెలవు పెట్టి వస్తున్నాను. నాతో వస్తావో రావో జవాబు రాయి.

పౌల్‌రాజు


సీతారాండేరా, మీ క్వార్టరు
20 నవంబరు 1961, సాయంత్రం

శ్రీవారికి,

ఈ ఉత్తరం మీ మంచం మీద పెట్టి వెళ్తున్నాను. దయ్యమనుకోకండి, నేనే. మీరు జవాబు రాసి ఉంటే అది టెక్కలిలో అత్త దగ్గర ఉంటుంది. నేను దాన్ని చదవలేదు.

అత్తే పంపించారు. "ఆడు పిలిసీదాకా కూకుంటావేటి? నీ ఇల్లది, నువ్వెల్లు" అని చీరలు మూటగట్టి ఇచ్చారు. దేముడన్నయ్య డ్యూటీకి తిరిగి వెళ్తూ ఖరగ్‌పూర్ వరకు తోడొచ్చి, మీ ఊరి బండి ఎక్కించాడు. మీ ఇంటి నెంబరు అతనికి గుర్తులేదు. బొప్పాయి చెట్టు గుర్తు చెప్పాడు. ఈ ఊళ్ళో దిగాక చూస్తే గుమ్మానికో బొప్పాయి.

స్టేషనులో తెలుగు వినబడింది. రైలు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ పోలయ్య అట, సోంపేట మనిషి. "ఎవులింటికెల్లాలమ్మా?" అన్నాడు. మావారింటికి అన్నాను. "మీవోరి పేరేటి?" అన్నాడు. నేను దాచుకున్న జవాబు చెప్పాను, సంఘాలకి ఉత్తరాలు రాసినాయన అని. ఆ మనిషికి ఆదినారాయణుడు తెలుసు గాని పౌలు ఎలా తెలుస్తాడు? చాలాసేపు ఆలోచించి, "ఓహో, ఉత్తరాలు రాసీ మనిసా! అయితే డాక్‌ఖానా బాబే" అని తేల్చేశాడు. నేను కాదనేలోపు రిక్షా పిలిచి, హిందీలో ఏదో చెప్పి ఎక్కించేశాడు. మంచివాడు. రిక్షా సరాసరి పోస్టాఫీసు ముందు ఆగింది.

లోపల చాలామంది ఉన్నారు. కిటికీ వెనక బాబు హిందీలో అడిగాడు. తల అడ్డంగా ఊపాను. బెంగాలీలో కాబోలు అడిగాడు. మళ్ళీ ఊపాను. నా వెనక వరస పెరుగుతోంది. అప్పుడు మెల్లగా, పిల్లలకి చెప్పినట్టు, "హస్బెండ్? నేమ్?" అన్నాడు.

అర్థమైందండీ! ఆ ఊళ్ళో నాకు అర్థమైన మొదటి మాట అదే. మూట కింద పెట్టాను. "ప్లీజ్" అన్నాను, ముందు అదనాలి కదా. "మై హస్బెండ్స్ నేమ్ ఈజ్ పౌల్‌రాజు" అన్నాను. గట్టిగా అన్నాను. పెళ్లిలో ఎంత మెల్లగా అన్నానో అంత గట్టిగా. నాలుక ఊడిపడలేదు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా నేను గోడవైపు తిరిగేదాన్ని కాదు.

లోపలినుంచి పోస్టుమాను పరుగెత్తుకొచ్చాడు. "టెక్కలి? టెక్కలి చిట్ఠీ?" అన్నాడు. ఆయన చేతులతో చూపిస్తే అర్థమైంది, మాంగోకి నేను రాసే ఉత్తరాలన్నీ సీతారాండేరాకి మళ్ళించమని మీరు చెప్పిపెట్టారటగా! మీరు నాతో అబద్ధమాడినా, నా ఉత్తరాలు నిజంగా ఏ ఇంటికి చేరుతున్నాయో ఈయనకి ఇన్నాళ్ళూ తెలుసు. సైకిలు నడిపించుకుంటూ ముందు నడిచాడు, నేను వెనకాల రిక్షాలో. గుమ్మం చూపించాడు. థాంక్యూ అన్నాను. ఆయన పరాయివాడు కదా, బాగుంటుంది.

తాళం చెవి ఆనందకుమారిగారి దగ్గర ఉంది. ఆవిడ నన్ను చూసి, "నువ్వేనా బాలకుమారివి? రోజూ రెండు మాటలు అడిగి వెళ్ళేవాడు. నీకు చెబుతున్నాడని నాకేం తెలుసు, ప్రమోషను కోసం అనుకున్నాను" అన్నారు.

ఇల్లు చూశాను. రెండు గదులు. ఒకదాన్ని ఊడ్చనైనా ఊడ్చలేదు. ఆ దుమ్ము చూస్తే ఏడుపొచ్చింది. తరవాత ఊడ్చాను. గిన్నెలో నేను వండిన అన్నం, వంకాయ కూర ఉన్నాయి.

నేనిప్పుడు ఆనందకుమారిగారింట్లో ఉంటాను. మీరు డ్యూటీ దిగి, ఇది చదివాక, గుమ్మంలోకి వచ్చి నన్ను పేరుపెట్టి పిలవండి. గొణగడం కాదు. అత్త మిమ్మల్ని తోటలోంచి పిలిచేటట్టు, ఈ క్వార్టర్ల లైను మొత్తం వినేటట్టు, మన ఊరి మాటలో పిలవండి. మీ పేరు నేను పరాయి ఊళ్ళో నలుగురిలో అన్నాను. నా పేరు మీరు మీ ఊళ్ళో అనలేరా?

గొంతు రాకపోతే తలుపేసుకుని పడుకోండి. నాకు కోపం ఉండదు. పొద్దున్న బండికి ఆవిడ ఎక్కిస్తానన్నారు.

బాలకుమారి


మన ఇల్లు
5 డిసెంబరు 1961

శ్రీవారికి,

డబ్బాలో రొట్టెల పైన చీటీ ఏమిటని మీ మేస్త్రీ అడిగితే డ్యూటీ అని చెప్పండి, వెనక్కి వెళ్ళిపోతాడు.

అత్త మీ ఉత్తరాన్ని తిరుగు టపాలో పంపించారు. పోస్టుమాను ఇందాకే ఇచ్చి వెళ్ళాడు. "టెక్కలి నుంచి ఎవరు రాస్తున్నారమ్మా, నువ్విక్కడ ఉన్నావుగా?" అన్నట్టు మొహం పెట్టాడు. చదివాను. రెండుసార్లు చదివాను. ఏసుదానంగారి భార్య సంగతి మూడోసారి కూడా చదివాను. ఆవిడకి నేనొక ఉత్తరం రాస్తాను. అడ్రసు కనుక్కు రండి.

నన్ను చూసి మీరూ నవ్వుతారేమోనని భయపడ్డారట. ఆ రాత్రి నేను తలుపు వెనకే నిలబడి ఉన్నాను. మీరు ముందు మెల్లగా పిలిచారు. విన్నాను, పలకలేదు. తరవాత ఎంతసేపు మాట లేదో! మీరు తలుపేసుకున్నారనుకున్నాను. మూట కోసం చెయ్యి చాపాను కూడా. అప్పుడు పిలిచారు. "బాలకుమారీ! ఓ బాలకుమారీ! రాయే, కూడు తిందుం!" ఎదురింటి బెంగాలీవాళ్ళు దీపం పట్టుకుని వచ్చారు. ఆ చివర సర్దార్జీ వచ్చాడు. కుక్కలు మొరిగాయి. అంతమందిలో మీరు బొప్పాయి చెట్టు పట్టుకుని, చొక్కా నిండా మసితో, మళ్ళీ పిలిచారు. మీరు నవ్వలేదు. నవ్వింది నేనొక్కదాన్నే.

మీ పేరు ఇంట్లో అనమని నన్ను వేధించకండి. రేపు ఆసుపత్రి కార్డు దగ్గర అంటాను, అక్కడ అవసరం. ఇంట్లో 'ఏవండీ' చాలు. ఆ పేరు దారి తప్పినప్పటికి దాచుకుంటాను.

చివర జవాబు రాయమన్నారు. రాయను. రాసే దూరం లేదిప్పుడు. డబ్బా ఖాళీ చేసి తెండి, వంకాయ కూర కాస్త కారమైంది. డ్యూటీ దిగాక నేరుగా రండి.